ఎత్తుకొచ్చిన తర్వాత...

"మా వీధి చివర కుక్క పడి ఉందండీ. ఎవరో బండితో గుద్ది వెళ్లిపోయారు. మీరొచ్చి తీసుకెళ్తారా?"

హైదరాబాద్‌లో అయినా, విశాఖలో అయినా, విజయవాడలో అయినా కుక్కల్ని కాపాడే పనిలో ఉన్నవాళ్ల ఫోన్ రోజూ ఇలాగే మోగుతుంది. అవతలి గొంతులో బాధ నిజమైనదే. అంతమంది చూసి కూడా పక్కనుంచి వెళ్లిపోయిన చోట ఆ ఒక్కరు ఆగారు. అది చిన్న విషయం కాదు. అయితే ఫోన్ ఎత్తినవాళ్లు తిరిగి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. మేం వచ్చేదాకా దాని దగ్గర ఉంటారా? ఆటోలో ఆస్పత్రికి తేగలరా? కట్టు కట్టించాక ఓ పది రోజులు మీ సెల్లార్‌లో ఒక మూల ఉంచుకుంటారా? చాలా ఫోన్లు అక్కడే ఆగిపోతాయి. 'అది మీ పని కదా' అన్న మాట మాత్రం వినిపిస్తుంది.

మురుగు కాలువలోంచి కుక్కపిల్లను పైకి లాగే వీడియోలు మనందరం చూస్తాం. చూసి కళ్లు తుడుచుకుంటాం. వీడియో ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. ఆ కుక్కపిల్ల ఆ తర్వాత బతికితే మరో పన్నెండేళ్లు బతుకుతుంది. ఆ పన్నెండేళ్లు ఎక్కడ, ఎవరి దగ్గర, ఎవరి ఖర్చుతో అన్నది వీడియోలో ఉండదు. ఈ పనిలో మనుషుల్ని నిద్రపోనివ్వని ప్రశ్న అదే. కుక్కను ఎత్తుకురావడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. దాన్ని ఉంచుకునే ఇల్లే దొరకదు.

ముందు, పట్టుకోవడం

గాయపడ్డ కుక్కను పట్టుకోవడం తెలిసి చేయాల్సిన పని. ఎంత సాధువైన కుక్కయినా నొప్పితో ఉన్నప్పుడు కరుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు దాని కళ్లలోకి సూటిగా చూడరు. ఎదురుగా వంగి నిలబడరు. పక్కగా, కాస్త దూరంగా కూర్చుని బిస్కెట్ వేస్తారు. తర్వాత తల మీద దుప్పటి కప్పి, బ్యాండేజీ గుడ్డతో మూతి కట్టి, అప్పుడు ఎత్తుతారు. ఈ పని చేసేవాళ్లు ముందుగానే రేబిస్ టీకా వేయించుకుని ఉండాలి. చొంగ కారుస్తూ, తూలుతూ, కనిపించినదాన్నల్లా కరుస్తూ ఉన్న కుక్కను మామూలు మనుషులు ముట్టుకోకూడదు. మున్సిపాలిటీ పశువైద్య విభాగానికి చెప్పాలి.

కరిస్తే ఏం చేయాలో ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలియదు. పసుపు, కారం, సున్నం రాయకూడదు. గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం) ఈ టీకాలకు ఏళ్లుగా పేరున్న చోటు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న భయంతో ఆస్పత్రికి పోనివాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు చేతికే వేస్తారు. వెంటనే మొదలుపెట్టి, డాక్టర్ చెప్పినట్టు చివరి డోసు దాకా వేయించుకుంటే ప్రాణానికి దాదాపు భయం లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మాత్రం బతికించడం దాదాపు అసాధ్యం. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆ స్థితిలో వచ్చే రోగుల్ని చూసినవాళ్లు కుక్క కాటును తేలిగ్గా తీసుకోరు.

వానాకాలంలో వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం పురుగులు పట్టిన పుళ్లు. చిన్న గాటు మీద ఈగ వాలి గుడ్లు పెడుతుంది. కుక్క తన గాయాన్ని నాకి శుభ్రం చేసుకోగలదు కానీ చెవి వెనకకి, మెడ మీదికి, నెత్తికి నాలుక అందదు. మూడు నాలుగు రోజుల్లో అక్కడ పిడికిలి పట్టేంత గుంత పడుతుంది. వాసనకి జనం తరిమేస్తారు, అది ఏ ఇంటి మెట్ల కిందో దూరి పడుకుంటుంది. చూడటానికి ఘోరంగా ఉంటుంది కానీ ఇది నయమయ్యేదే. స్ప్రే కొట్టి, పురుగులు ఏరి, మందు పెట్టి కట్టు కట్టాలి. మందుకి పెద్ద ఖర్చు కాదు. కావలసింది వారం పదిరోజులు రోజూ వెళ్లి కట్టు మార్చే మనిషి. వీధిలో అన్నం పెట్టే అమ్మలు, చిన్న చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ పొద్దున్నే మందుల సంచితో బయల్దేరే కుర్రాళ్లు ఈ పనిని ఏ పేరూ లేకుండా చేస్తున్నారు. ఆడకుక్కలకీ మగకుక్కలకీ జననాంగాల దగ్గర వచ్చే ఒక రకం కణితి కూడా ఇంతే. నెత్తురు కారుతుంటే చూసి క్యాన్సర్, ఇక చచ్చిపోతుందనుకుంటారు. వారానికొకటి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తే చాలా వరకు పూర్తిగా తగ్గిపోతుంది. అయితే ఆ వారాలన్నీ అదే కుక్కను మళ్లీ మళ్లీ పట్టుకోవాలి.

తల్లి ఉన్న పిల్లల్ని 'కాపాడొద్దు'

వినడానికి కఠినంగా ఉంటుంది కానీ చెప్పక తప్పదు. మంచి మనసుతో చేసే రెస్క్యూల్లో కొన్ని ఆ పిల్లల ప్రాణాలు తీస్తున్నాయి.

చలికాలం వచ్చేసరికి ప్రతి కాలనీలో ఇసుక కుప్పల మీద, ఆగి ఉన్న కార్ల కింద కుక్కపిల్లలు కనిపిస్తాయి. తల్లి పక్కన లేదు, పాపం అనాథలు అనుకుని అట్టపెట్టెలో వేసుకుని షెల్టర్ గేటు దగ్గర దింపుతారు. తల్లి ఎక్కడికీ పోలేదు. తిండి కోసం చికెన్ షాపు దాకా వెళ్లింది. తిరిగొచ్చి రెండు మూడు రోజులు ఆ ఇసుక కుప్ప చుట్టూ తిరుగుతుంది. పిల్లలేమో టీకాలు పడకముందే పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బులున్న చోటికి చేరతాయి. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ లాంటిది కావాలి. ఒక పిల్లకి వస్తే ఆ గదిలో టీకా లేని పిల్లలన్నిటికీ ముప్పే. నెత్తురు విరేచనాలు, వాంతులు, ఐదారు రోజులు సెలైన్. అంత చేసినా అన్నీ బతకవు.

అందుకే ముందు దూరం నుంచి కొన్ని గంటలు గమనించాలి. తల్లి వస్తుంటే పిల్లల్ని అక్కడే ఉంచి తల్లికి తిండి పెట్టాలి. కనీసం ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లలు తల్లి దగ్గరే ఉండాలి. కరవకూడదని, ఆడేటప్పుడు పళ్లు ఎంత నొక్కాలో తెలియాలని తల్లీ తోబుట్టువులే నేర్పుతారు. ముందే విడదీసిన పిల్ల పెద్దయ్యాక ఇంట్లో పిల్లల చేతులు కొరుకుతుంటే తప్పు దానిది కాదు.

దత్తత దగ్గర నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఫోన్ చేసినవాళ్లు రంగూ వయసూ కంటే ముందు అడిగేది, 'మగపిల్ల ఉందా?' ఒక ఈతలో పుట్టిన ఆరింట్లో మగవి రెండూ వారంలో ఇళ్లకి వెళ్లిపోతాయి. ఆడవి మిగిలిపోతాయి. మిగిలినవాటిని గోనెసంచిలో వేసి కూరగాయల మార్కెట్ దగ్గర, గుడి దగ్గర, ఊరవతల చెరువుగట్టున వదిలేసే ఇళ్లున్నాయి. ఆడదైతే ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది, మగకుక్కలు గేటు దగ్గర చేరతాయి, పిల్లల్ని పెడుతుంది, ఎవరు చూస్తారు అంటారు. ఒక్క ఆపరేషన్‌తో ఇవన్నీ తీరిపోతాయి. కడుపులో చీము పట్టే పయోమెట్రా రాదు. త్వరగా చేయిస్తే రొమ్ము కణితుల ముప్పూ బాగా తగ్గుతుంది. ఇంటిని కనిపెట్టుకుని ఉండటంలో ఆడకుక్క దేనికీ తీసిపోదు. ఈ సంగతి మన ఊళ్లలో పాతతరం రైతుల్ని అడిగినా చెబుతారు.

షెల్టర్‌లో చోటు

1959లో కెప్టెన్ వి.సుందరం మద్రాసులో బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థను ప్రారంభించారు. వీధికుక్కల్ని చంపితే సంఖ్య తగ్గదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలని 1964 నుంచే చేసి చూపించింది ఆ సంస్థ. మద్రాసు కార్పొరేషన్ ఆ దారికి రావడానికి 1996 దాకా పట్టింది. హైదరాబాద్‌లో అమల, నాగార్జున 1992లో బ్లూ క్రాస్ పెట్టారు. విశాఖలో జంతు సంరక్షణ సంస్థ వీఎస్‌పీసీఏ 1996 నుంచి పనిచేస్తోంది. వీటి వెనక ఊరూరా పేరు బయటికి రాని చిన్న షెల్టర్లు బోలెడు. అద్దెకు తీసుకున్న స్థలంలో రేకుల షెడ్డు, ఇద్దరు పనివాళ్లు, నెలాఖరుకి బియ్యం బస్తా కోసం వెతుకులాట.

ఒక షెల్టర్‌లో వంద కుక్కలకి చోటుందనుకుందాం. నడుములు విరిగినవి, కళ్లు పోయినవి, ముసలివి, ఎవరూ అడగనివి చేరుతూ పోతే ఏడాదికల్లా ఆ వందా నిండుతాయి. వాటికి ఇళ్లు దొరక్కపోతే ఏళ్ల తరబడి ఖాళీ ఉండదు. నూటొకటో కుక్కకి నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు గేటు తీయలేరు. తీస్తే లోపలున్న వందకీ తిండి, గాలి, శ్రద్ధ తరుగుతాయి. కిక్కిరిసిన చోట కుక్కలు కొట్టుకుంటాయి, జబ్బులు పాకుతాయి. 'చోటు లేదు' అన్నారని షెల్టర్ వాళ్లని సోషల్ మీడియాలో తిట్టే ముందు ఈ లెక్క ఒకసారి తలచుకోవాలి.

2019 పశుగణనలో దేశంలోని వీధికుక్కలు కోటీ 53 లక్షలని తేలింది. వాటన్నిటినీ షెల్టర్లలో పెట్టగలమని నేను నమ్మను. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతాల వీధికుక్కల్ని షెల్టర్లకు తరలించమన్నప్పుడు దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. అదే నెల 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలాలి, రేబిస్ ఉన్నవాటినీ మనుషుల మీద పడేవాటినీ వదలకూడదు అంది. నవంబర్ 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి చోట్ల నుంచి మాత్రం కుక్కల్ని తీసేసి షెల్టర్లలో ఉంచాలని, తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. ఆగస్టు 22 ఉత్తర్వులో జనం అంతగా పట్టించుకోని మాట ఒకటుంది. వీధికుక్కను పెంచుకోదలచినవారు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు, తీసుకున్నాక అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదే. దత్తతలో అసలు బరువంతా ఆ రెండో సగంలోనే ఉంది.

కుక్కలంటే భయపడేవాళ్లని 'మనసు లేనివాళ్లు' అనడం అన్యాయం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కల గుంపు చంపేసిన ఘటన ఏ తల్లీ మరచిపోదు. ఆ భయాన్ని గౌరవించని జంతుప్రేమతో కుక్కలకీ మేలు జరగదు. భయం ముదిరితే ఏమవుతుందో కూడా చూశాం. బాధ్యతగా పట్టుకునేవాళ్లు, ఆపరేషన్ చేసేవాళ్లు లేని ఊళ్లో విషమో తుపాకో బయటికొస్తుంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఇరవై దాకా వీధికుక్కల్ని కాల్చి చంపారు. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆపరేషన్, టీకా పూర్తయిన కుక్కల్ని ఉన్నచోటే ఉంచితే కొత్తవి రాకుండా అవే కాస్తాయి. వాటిని ఎత్తి ఊరవతల పారేస్తే, అక్కడి గుంపు వాటిని చీల్చేస్తుంది, ఇక్కడ ఖాళీ అయిన వీధిలోకి టీకా లేనివి వస్తాయి.

కాబట్టి ఆరోగ్యంగా, తన వీధిలో తిండి దొరుకుతూ ఉన్న కుక్కను 'కాపాడి' షెల్టర్‌కి చేర్చడం దానికి మేలు చేయడం కాదు. షెల్టర్‌లో చోటు, ఆ చోటు దొరక్కపోతే చచ్చిపోయేవాటికే దక్కాలి.

జాతి కుక్కల గతి

షెల్టర్ గేట్ల దగ్గర కట్టేసి వెళ్లిపోయేవాటిలో జాతి కుక్కలు పెరుగుతున్నాయని ఈ పనిలో ఉన్నవాళ్లంతా అనే మాట. లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, పగ్‌లు, హస్కీలు. 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్‌ని చూసి ఇంటింటికీ అది కావాలనుకున్నారు. చప్పి ముక్కు వల్ల మన ఎండల్లో అది ఊపిరికి ఎంత కష్టపడుతుందో ప్రకటనలో కనిపించదు. మంచుదేశంలో బండ్లు లాగిన హస్కీని మే నెలలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఏసీ గదికి బందీ చేస్తున్నారు. కరెంటు బిల్లు చూశాకో, బొచ్చు రాలడం చూశాకో వద్దనుకుంటున్నారు.

ఇంకా దారుణం, పిల్లల కోసం వాడి వదిలేసిన ఆడకుక్కల పరిస్థితి. ఈత తర్వాత ఈత ఈనించి, పొదుగు వేలాడిపోయి, రొమ్ముల్లో కణితులతో ఆరేడేళ్ల వయసులో హైవే పక్కన కనిపిస్తాయి. వెలుతురు కొత్త, గడ్డి మీద అడుగు పెట్టాలంటే భయం. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల బ్రీడింగ్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు. ఫోన్‌లో ఫొటో చూపించి, బస్టాండ్ దగ్గర చేతులు మార్చే వ్యాపారంలో ఆ కాగితం ఎవరూ అడగరు. కొనేవాళ్లు తల్లిని చూపించమని పట్టుబడితే ఈ వ్యాపారంలో సగం అక్కడే బయటపడుతుంది.

పెంచిన కుక్కను వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పోరాడి తెప్పించిన చట్టం అది. అందులో మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ యాభై రూపాయల పరిమితి అప్పటి నుంచి మారలేదు. జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. వదిలేయడం మాత్రం ఇప్పటికీ యాభై రూపాయల తప్పుగానే ఉండిపోయింది. దీన్ని మార్చమని మన ఎంపీలని అడగాలి.

ఇక్కడ తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సినది ఒకటుంది. వీసా రాగానే షెల్టర్‌కి వచ్చే ఫోన్లు మనకి ఎక్కువ. నాలుగేళ్లు మంచం మీద పడుకోబెట్టుకున్న కుక్కను పదిహేను రోజుల్లో ఎవరికైనా ఇచ్చేయాలి. అమ్మానాన్నలు ముసలివాళ్లు, చూసుకోలేరు. అమెరికా నిబంధనలు 2024 ఆగస్టు నుంచి గట్టిపడ్డాయి. కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది కాబట్టి టీకా ధ్రువపత్రం, రక్తపరీక్ష, అక్కడి గుర్తింపు పొందిన కేంద్రంలో ముందస్తు బుకింగ్ కావాలి. నెలల పని, లక్షల్లో ఖర్చు. విదేశం వెళ్లే ఆలోచన మనసులో ఉన్నవాళ్లు కుక్కపిల్లను తెచ్చుకునే ముందే ఈ సంగతి ఆలోచించాలి. తెచ్చుకున్నవాళ్లు వీసా స్టాంపింగ్ కోసం ఆగకుండా ముందే మొదలుపెట్టాలి.

ఇల్లు దొరకడం

దత్తత ఇచ్చేవాళ్లు అన్ని ప్రశ్నలు అడుగుతారేమిటని చాలామంది నొచ్చుకుంటారు. సొంత ఇల్లా, అద్దె ఇల్లా? ఓనరు ఒప్పుకున్నారా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? పగలు ఎవరుంటారు? ఊరెళితే ఎవరికి అప్పగిస్తారు? పిల్లలు పుడితే ఏం చేస్తారు? కట్టేసి ఉంచుతారా? ఆధార్ ఎందుకు, ఇల్లు చూడటానికి రావడమెందుకు, ఊరకుక్కనే కదా ఇస్తున్నారు అంటారు. ఒకసారి ఇంట్లో పడుకోవడం అలవాటైన కుక్క మళ్లీ రోడ్డున పడితే బండ్లను తప్పించుకోవడం మర్చిపోయి ఉంటుంది. అందుకే ఆ ప్రశ్నలు.

వెనక్కి తెచ్చే కారణాలు ఇంచుమించు ఒకటే రకం. ఇంట్లో మూత్రం పోస్తోంది, చెప్పులు కొరికింది, రాత్రి ఏడుస్తోంది, పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారు, పెళ్లి కుదిరింది, కోడలు గర్భవతి. వీటిలో చాలా వరకు మొదటి వారం ఇబ్బందులు. వీధి నుంచో షెల్టర్ నుంచో వచ్చిన కుక్కకి మొదటి మూడు రోజులు భయం, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది అని ఈ రంగంలోవాళ్లు ఒక అంచనా చెబుతారు. అన్ని కుక్కలూ లెక్క ప్రకారం నడవవు కానీ ఓపిక ఎంత కావాలో దీంతో తెలుస్తుంది. మొదటి రోజుల్లో మంచం కిందే ఉండి అన్నం ముట్టకపోయినా లాగకూడదు. బంధువుల్ని పిలిచి చూపించకూడదు. వేళకి తిండి, వేళకి నడక, మిగతా సమయం దాని మానాన దాన్ని వదలాలి. బయటికి తీసుకెళ్లేటప్పుడు రెండు పట్టీలు వేయడం మంచిది. కొత్తింటి నుంచి పారిపోయే కుక్కలు ఎక్కువగా మొదటి వారంలోనే, టపాసు చప్పుడుకో ప్రెషర్ కుక్కర్ విజిల్‌కో పారిపోతాయి.

పెరుగన్నం ఒక్కటే పెడితే సరిపోదు. కోడిమాంసమో గుడ్డో కావాలి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి పెట్టకూడదు. మొదటి ఏడాది టీకాలు, ఆపరేషన్, పేలూ గోమార్ల మందులకు డబ్బు పక్కన పెట్టుకోవాలి. గోమారు కాటుతో వచ్చే జ్వరాన్ని త్వరగా కనిపెడితే చాలాసార్లు డాక్సీసైక్లిన్ కోర్సుతో తగ్గుతుంది, ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది. నీరసంగా ఉండి, చిగుళ్లు పాలిపోతే ఇంటి వైద్యం చేయకుండా రక్తపరీక్ష చేయించాలి.

అపార్ట్‌మెంట్ సంఘాలు కుక్కల్ని నిషేధిస్తూ తీర్మానాలు చేస్తే అవి చెల్లవని జంతు సంక్షేమ మండలి 2015లోనే స్పష్టం చేసింది. ఆ కాగితం చేతిలో ఉండటం మంచిదే. అంతకంటే లిఫ్టులో ఎదురైన పెద్దావిడ భయపడితే కుక్కను పక్కకి పట్టుకుని 'మీరు వెళ్లండమ్మా' అనడం, కింద మలాన్ని కవరుతో ఎత్తేయడం ఇంకా ఎక్కువ పనిచేస్తాయి.

2025 ఆగస్టు 17న బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో జీహెచ్ఎంసీ నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. ఒక కార్పొరేషన్ తానే ముందుకొచ్చి నాటు పిల్లల్ని తీసుకోండి అనడం మంచి మార్పు. నాటుకుక్క మన ఎండకి, మన తిండికి తరతరాలుగా అలవాటు పడింది. అయితే మేళాల్లో పిల్లలే వెళ్తాయి. ఏడేళ్లది, నల్లది, మూడు కాళ్లది, వెనక కాళ్లు పడిపోయి చక్రాల బండితో తిరిగేది ఏ మేళాలోనూ వెళ్లవు. ఇల్లు ప్రశాంతంగా ఉండే పెద్దవాళ్లకి ఏడేళ్ల కుక్కే సరైన జత. చెప్పులు కొరికే వయసు దాటింది, దాని స్వభావం ముందే తెలుసు, రోజుకి రెండు చిన్న నడకలు చాలు. పదిహేనేళ్ల పూచీ తీసుకోవడానికి జంకే అరవై ఏళ్ల దంపతులు దీన్ని ఆలోచించాలి.

శాశ్వతంగా తీసుకోలేనివాళ్లు చేయగలిగేదీ ఉంది. దాన్ని ఫోస్టర్ అంటున్నారు. ఆపరేషన్ అయిన కుక్కను కుట్లు మానేదాకా, టీకాలు పడని పిల్లల్ని రెండో డోసు దాకా ఇంట్లో ఉంచి చూడటం. ఒక బాల్కనీ, నెల రోజులు. తిండి, మందులు చాలాచోట్ల సంస్థలే ఇస్తాయి. ఇంట్లో పెరిగిన కుక్క ఎలా ఉంటుందో, పిల్లలతో ఎలా మెలుగుతుందో ఫోస్టర్ చూసినవాళ్లే చెప్పగలరు, కాబట్టి దానికి ఇల్లూ త్వరగా దొరుకుతుంది. షెల్టర్‌లో ఒక చోటు ఖాళీ అవుతుంది. డబ్బు ఇచ్చేవాళ్ల కంటే ఇలా చోటు ఇచ్చేవాళ్లే ఈ పనిలో తక్కువ.

అదీ కుదరకపోతే మీ వీధిలో పాలిచ్చే కుక్క ఉందేమో చూడండి. దాని పిల్లలకి ఇళ్లు వెతకడంతో పని అయిపోదు, ఆరేడు నెలల్లో అది మళ్లీ ఈనుతుంది. పిల్లలు పాలు మానేశాక మున్సిపాలిటీకి ఫోన్ చేసి దానికి ఆపరేషన్ చేయించండి. తిండి పెట్టేవాళ్లు పక్కన నిలబడితే పట్టుకోవడం సులువవుతుంది, అది బెదరదు. తిరిగి అదే వీధిలో దింపారో లేదో చూడండి. ఆపరేషన్ అయిన గుర్తుగా చెవి అంచు చిన్నగా కత్తిరించి ఉంటుంది.